పెట్టిన వంకర

బాపు మగ్గం అమ్మిండు గని
మగ్గం గుంటను ఎవరు కొంటరు?
కొత్తవాడల మా వెనక అర్రల
దాని మీద పాత తలుపొకటి పరిచి
రాత్రిళ్లు విమానాలు చేస్త.
కాళ్లు ఇప్పటికీ గుంటలకే జారుతయి.
తొక్కుడు కర్రలు లేని చోట
ఉత్త చీకటిని తొక్కుకుంట కూసుంట.

పగలంత పెద్దదవాఖానల ఎక్స్‌రేలు తీసుడు.
"ఊపిరి పీల్చు. పట్టు. ఇడువు."
రోజుకు నూరుసార్లు అదే మాట.
ఇంటికొచ్చి బల్సా చెక్క మీద బ్లేడుతోటి
మళ్ల పక్కటెముకలే కోసుడు.
రెక్కకు పదకొండు, రెండిటికి ఇరవై రెండు,
మనిషికన్న రెండు తక్కువ.

చెక్క కలకత్తా నుంచి పార్సిల్ల వస్తది,
పొట్టు లెక్క తేలిక, అప్పడం లెక్క పెళుసు.
వెన్నుకర్రకు మాత్రం
మేదరి కొంరవ్వ చీల్చిచ్చిన వెదురు బద్ద.
"బుట్టకా?" అన్నది.
"గాలికి" అన్న.
పైసలు తీసుకోలే.

నక్ష మీద మైనపు కాయితం, దాని మీద గుండుసూదులు,
సూదుల నడుమ జిగురు ఆరేదాక
ఫ్యాన్ బందు. దోమలు నా వంతు.

అంతా అయినంక కాయితం కప్పుడు.
పతంగుల దుకాణంల తెచ్చిన పల్చటి పసుపు కాయితం.
మొదటిసారి రాత్రి కప్పితే బాగనే ఉండె,
తెల్లారి చూస్తే
రెక్క మెలిదిరిగి, తడిబట్ట పిండినట్టు.

మేనత్త నాంచారి గడప మీద నిలబడి చూసింది.
అరవై ఏండ్ల కింద వాడకట్టుల పొద్దుగాల
పడుగు సాపి గంజి పెట్టిన చేతులామెవి.
"కాయితానికి గుడ పడుగుంటది గద" అన్నది,
మిగిలిన ముక్క అందుకొని చింపింది.
ఇటు చింపితే అడ్డదిడ్డంగ,
అటు చింపితే గీత గీసినట్టు.
"గిదే పడుగు. రెక్క పొడుగున గిట్ల పోవాలె.
నువ్వు పేక దిక్కు అతికించినవు."

మూడేండ్లయింది నేను ఈ పనిల వడి.
ఎక్కడ చదివినా నాకు ఎక్కని మాట.

రెండోసారి ఆమె చేతనే అంచులు పట్టిచ్చిన.
నీళ్ల సీసా ఎతుకుతాంటే
నోట్ల నీళ్లు పట్టి బుస్సున ఊదింది.
కాయితం ముడుతలు ఒక్కొక్కటి మాయమైనయి,
వేలుతోటి కొడితే డప్పు పలికినట్టు పలికింది.
వార్నిషు పూసిన రాత్రి
అర్రంత మాగిన అరటిపండు వాసన.

ఆరేముందు రెక్కను తలుపుకు అదిమి
కొసల కింద చెరొక రూపాయి బిళ్ల కావాలన్న.
"సక్కగ చేసినంక మళ్ల వంకరెందుకురా?"
"కొసలు జర ఒంగుండాలె అత్తా,
నడుమ ఓడినా కొసలు ఓడొద్దు.
మొత్తం ఒక్కతీరుగుంటే
మొత్తం ఒక్కసారే కూలుతది."
కొంగు ముడి ఇప్పి రెండు బిళ్లలు పెట్టింది.
"మళ్ల నాకియ్యి."

ఐతారం, ఇంకా మంచు ఇడువలే.
మామునూరు దిక్కు బీడుకు స్కూటర్ మీద పోయినం,
ఆమె ఒడిల రెక్క, పసిపిల్లను పట్టినట్టు గాదు,
బట్టల తాను పట్టినట్టు.
ముక్కుకు చిటికెడు మట్టి మెత్తి బరువు చూసుకున్న.
రబ్బరు మూడువందల సుట్లు తిప్పిన,
ముడులు ముడుల మీదికెక్కినయి.
గాలి ఆగిన చోట చెయ్యి ఇడిసిన.

ఎక్కింది. ఎడమకు ఒరిగింది, పడ్తదనుకున్న, పడలే,
కొసలు ఆపినయి.
అప్పుడే లేచిన ఎండ రెక్కలకెల్లి పారి
ఇరవై రెండు ఎముకలు లెక్కవెట్టేటట్టు కనవడ్డయి.
ఇంత ఎత్తుల నేనెన్నడు తీయలే.

"ఇడువురా" అన్నది అత్త.
ఏందో అర్థం గాలే.
"ఊపిరి. ఇడువు."

పత్తిచేన్ల దిగింది, తొమ్మిదో ఎముక కాడ
పత్తికట్టె పొడిచి బొటనవేలంత తూటు.
చేను కావలాయన చేతికిచ్చుకుంట అడిగిండు,
దీనిల ఎవరు కూసుంటరని.
అత్త ఏదో చెప్పింది, ఇద్దరు నవ్విండ్రు,
నాకు ఇనవడలే.

ఉర్సుగుట్ట దాటినంక
వెనక నుంచి భుజం తట్టింది:
"నా బిళ్లలేవి?"