అడుగున్నర కిటికీ

దోమలగూడలో మా ఆఫీసు మూడో అంతస్తు.
లిఫ్టు పనిచేసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
ఆ మెట్లెక్కే వచ్చింది యంత్రం కూడా.
నిజానికి రాలేదు. నెలనెలా చందా కట్టే ఒక పేరు అది,
ప్రహర్ష లాప్‌టాప్‌లో ఒక ఖాళీ పెట్టె,
లోపల ఆరుతూ వెలుగుతూ ఒక నిలువు గీత.

మొదటి రాత్రే నలభై ప్లాన్లు గీసింది.
మణికొండలో కేశవులు గారి మూడు వందల గజాలను
నలభై రకాలుగా తరిగి పళ్ళెంలో పెట్టింది.
సెట్‌బ్యాకులు తప్పలేదు. ఈశాన్యం తప్పలేదు.
ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలోనే కూర్చుంది.
స్థలం నడిమధ్య ఏనుగంత రాతి గుండు మాత్రం
నలభైలో ఒక్కదాంట్లోనూ లేదు.

"గుండేదీ?" అన్నాను.
"దానికి చెప్పలేదు మేడమ్," అన్నాడు ప్రహర్ష,
తప్పు తనదైనట్టు.
తప్పు నాది. సర్వే కాగితం మీద
చుక్కలతో ఓ వలయం చుట్టి, పక్కన ఏమీ రాయలేదు.
జహీర్ సాబ్ అయితే అడిగేవాడు.
అడగక్కూడా, చెప్పులు విడిచి గుండెక్కి చూసొచ్చేవాడు.

జహీర్ సాబ్, ముప్పై ఒక్క ఏళ్ళుగా మా డ్రాఫ్ట్స్‌మన్.
ట్రేసింగ్ కాగితం చిరక్కుండా
బ్లేడుతో తప్పును గీకి తీసే చెయ్యి.
కంప్యూటర్లు వచ్చిన ఏడు మూడు నెలలు అలిగి
నాలుగో నెల మా అందరికంటే వేగంగా గీశాడు.
ఈసారి అలగలేదు. సాసర్‌లో చాయ్ పోసుకుంటూ,
"కొత్త పోరడు మేడం," అన్నాడు.
"గానికేం దెల్సు? మన కాయిదాలు సూపియ్యున్రి."

అటక మీది చుట్టలు దించాం.
రబ్బరు బ్యాండ్లు ముట్టుకుంటే పొడయ్యాయి.
నాలుగు వందల పన్నెండు ఇళ్ళు:
మలక్‌పేట, సైనిక్‌పురి, వనస్థలిపురం,
కూలిపోయినవి, అపార్ట్‌మెంట్లయినవి,
ఒక్క గోడ కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కినవి.
స్కానింగుకు పదకొండు రోజులు.
పేర్ల మీదా ఫోన్ నంబర్ల మీదా నల్ల టేపు వేశాం.
ఇల్లు గీయమన్నారు గానీ
ఊరూపేరూ పంచిపెట్టమనలేదు కదా వాళ్ళు.

పన్నెండో రోజు అది గీసిన ప్లాన్లో
వంటింట్లో, పొయ్యి గట్టు పక్కన,
ఎవరూ అడగని కిటికీ.
అడుగున్నర వెడల్పు.
ఇంకో ప్లాన్ తీశాం. మళ్ళీ అదే కిటికీ.
"ఎర్రర్ అనుకుంటా," ప్రహర్ష మౌస్ కదిపాడు.
"ఆగు."

జహీర్ సాబ్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని
తెర దగ్గరగా వంగాడు,
పాత కిరాయి కాగితంలో
తన సంతకం తానే పోల్చుకుంటున్నట్టు.
"మా అమ్మి వంట జేసే జాగల కిటికి లేకుండె.
పొగలకెల్లి బయటికొస్తే
పిలిసినోళ్ళను జరసేపు గుర్తువట్టకపోయేది.
గందుకే. ఎవ్వల్నీ అడగలే. అందరికీ పెట్టిన."

పక్క బల్ల దగ్గరే కూర్చుని
ముప్పై ఒక్క ఏళ్ళు నేను చూడని కిటికీ.
ఆ ప్లాన్లన్నిటి కిందా సంతకం నాదే.

యంత్రానికేమో పొగ తెలీదు.
మర్నాడు అదే కిటికీని
లిఫ్టు గోతిలోకి తెరిచింది.
అంతే ధీమాగా, అంతే శుభ్రమైన గీతతో.

ఇప్పుడు రాత్రిళ్ళు అది గీస్తుంది.
పొద్దున జహీర్ సాబ్ ఎర్ర పెన్సిల్ చెక్కుకుంటాడు,
పక్కన ప్రహర్ష స్టూలు.
నలభైలో ముప్పై ఏడు పోతాయి.
ఎందుకు పోయాయో ప్రహర్ష రాసిపెడతాడు,
యంత్రం కోసమో తన కోసమో నేనడగలేదు.
సంతకం దగ్గర నేను ఇదివరకటికంటే ఎక్కువసేపు ఆగుతున్నాను.

శనివారం టేపు పట్టుకుని మణికొండ వెళ్ళాం.
అరవై దాటిన మోకాళ్ళతో గుండెక్కి
గాలి ఎటునుంచో చూశాడాయన.
దిగొచ్చి, దాని నీడ అంచు వెంబడే
నేల మీద సుద్దతో గీశాడు,
ఒక గది వంపంత.
"ఫొటో దియ్ బేటా, గా పోరనికి పంపు.
జెల్ది. మొగులైతుంది."