సొంత కట్ట

పాసుపుస్తకంలో మూడెకరాల నలభై సెంట్లు.
అందులో కట్ట ఎంతో రాయలేదు.
దామలచెరువుకు పడమట, తొట్టివంక మీద
నూటాపది గజాల మట్టికట్ట,
అది నాది.

వంక ఒక రాత్రి కింది వాడలోని ఎద్దుల్ని
కొట్టాలతో సహా మోసుకుపోయినాక
మా మామ చెంగల్రాయుడు పోయించినాడు.
మన్ను మోసిన గాడిదలున్నాయి, తొక్కిన కాళ్లున్నాయి,
కాగితమే లేదు.

ఏఈ గారు జీపు దిగకుండానే చూశాడు.
"మా రిజిస్టర్లో లేదమ్మా, ప్రైవేటుది.
మీరే చూసుకోవాల."
చూసుకోవడం.
ఆ మాట ఎంత పొడుగో
జీపు మలుపు తిరిగాక తెలిసింది.

కంప కొట్టించాల.
ఎండ్రకాయ బొక్కల్లో బంకమన్ను కుక్కాల.
తూము మరకు గ్రీజు పెట్టాల;
అది గుడి తలుపు కాదు, దండం పెడితే తెరుచుకోదు.
ఇంకో జానెడు నీళ్లు నిలిస్తే చాలని
మొరవ మీద ఎవరో ఆశగా పేర్చిన రాళ్లను
ప్రతి ఏడాదీ తీసెయ్యాల,
తీసినందుకు తిట్లు తినాల.

మన్నుపనిలో తల నెరిసిన ఏకాంబరం చెప్పినాడు:
"కట్ట కాళ్లకాడ చెమ్మ కనపడితే జడుసుకోవద్దుక్కా.
గాజుగ్లాసులో పట్టి చూడు.
తేటగా ఉంటే, పోయేది నీళ్లు.
మడ్డిగా ఉంటే
పోతా ఉండేది కట్ట."

అప్పట్నించి తూము గూట్లో
టీ అంగడి గ్లాసు ఒకటి.

కట్ట నడినెత్తిన ఒక మామిడి.
ఎవరూ నాటలేదు, ఏ కూలిమనిషో చీకి పారేసిన టెంక.
పేరులేని కాయ, మండీలో ధర పలకదు,
అందుకే అంతా మాకే మిగిలేది.
"కొట్టెయ్యిక్కా, వేరు చస్తే లోపల గొట్టమయితాది,
నీళ్లకు దోవ చూపేది అదే" అన్నాడు ఏకాంబరం.
ఈ కాపు కానీ అన్నాను.
రెండు కాపులు అదే మాట అన్నాను.

మూడో కార్తీకం, వాయుగుండం,
రెండు రోజులుగా మొరవ అరుస్తానే ఉంది.
రాత్రి పదకొండుకు టార్చి వెలుగులో గ్లాసు ఎత్తితే
పాలు ఎక్కువైన టీ రంగు.

కింది వాడలో ఇరవైమూడు ఇండ్లు.
తులసింగానికి ఫోను చేశాను.
వాన పెద్దదని చెప్పచ్చు,
వంక పొంగిందని చెప్పచ్చు,
నోటికి అవే ముందొచ్చాయి.
మింగి, చెప్పాను:
"నా కట్ట తెగేటట్టుంది.
పిల్లోళ్లను, ముసలోళ్లను బడి మిద్దె ఎక్కించు."
అవతల కాసేపు వానే వినపడింది.

మిద్దె ఎక్కేవాళ్లు ఎక్కినారు.
తొమ్మిదిమంది పైకొచ్చినారు,
రేషన్ బియ్యం సంచులు భుజానేసుకొని.
ఊట చుట్టూ సంచుల దడి కట్టినారు.
ఊట నోట్లో ఇసక, దానిపైన కంకర, ఆపైన గుండ్రాళ్లు.
ఎవరో గుడ్డలు కుక్కబోతే ఏకాంబరం గసిరినాడు:
"నీళ్లను ఆపొద్దురా, పోనీ!
మన్నును పట్టుకోండి."

నాలుగు గ్లాసులు పారబోశాను.
అయిదోదానిలో, తెల్లారగట్ల,
అడుగున నా వేలి గీతలు కనిపించినాయి.

తులసింగం సంచి దులుపుతా అన్నాడు:
"కట్ట మీదే, కాదనం.
గ్లాసు మాత్రం ఒకటి మాకూ ఇయ్యి."
ఇప్పుడు రెండు గ్లాసులు.
నేను చూడని రోజు వాళ్లు చూస్తారు,
చూశామని సున్నంతో తూము గోడమీద గీత గీస్తారు.
కొన్ని గీతలు నాకంటే ముందే ఉంటాయి.

ఎండాకాలం చెట్టు కొట్టించాను.
మొద్దు పెకలిస్తే ఒక చచ్చిన వేరు,
లోపల డొల్ల.
చెయ్యి పెట్టాను,
మోచెయ్యి దాటింది, ఇంకా పోతానే ఉంది.
గుంతలో జానెడు జానెడు మన్ను వేసి
తడిపి, దిమ్మిస కొట్టి,
మళ్లీ జానెడు.

ఆ చెట్టు ఊరగాయ ఇంకా సగం జాడీ ఉంది.
అన్నంలో కలిపితే
పులుపుకు కండ్లు మూతపడతాయి.
చెయ్యి కడుక్కొని
గ్లాసు కోసం పోతాను.