చీల

ష్రాప్‌షైర్‌లో, క్లన్ ఊరి చివరి షెడ్డులో
ఓక్ దుంగ కోస్తుంటే పులిసిన వాసన.
తడి కొయ్యా రంపం ఇనుమూ కలిసి
నా వేళ్ళు సిరాలో ముంచినట్టు నీలం.
"మేకు కొట్టకు, వీటికి పడదు" అన్నాడు
గ్విలిమ్ ప్రాసర్, చేతి వెనకతో ముక్కు తుడుచుకుంటూ.
"పైన తెల్లటి పొర పురుగుది.
లోపలి చేవ మనది."

మొదటి వారం కుసి చెక్కాను,
తొలిచిన గాడిలో దూర్చాను,
బరమాతో రెండింటికీ కలిపి ఒకే బెజ్జం, సూటిగా.
మెచ్చుకుంటాడనుకున్నాను.
ఊడదీసి పొయ్యిలో పెట్టాడు.

బెజ్జాలు కలవకూడదట.
కుసిలోది భుజం వైపు ఒక్క నూలు జరగాలి.
చీల సుత్తి దెబ్బకి ఒళ్ళు వంచుకుంటూ
ఆ ఎడాన్ని ఈడ్చుకుంటూ దిగాలి.
అప్పుడే పట్టు.

చీల నిరుడు చీల్చి, పొయ్యి పక్కన ఎండబెట్టింది.
దూలం మాత్రం పచ్చిది,
ఇంకా పోయిన చలికాలపు వాన కడుపులో ఉంది.
ఎండేకొద్దీ చీల చుట్టూ పిడికిలి బిగిస్తుంది.

మార్చిలో బెడోస్ గారి పశువుల కొట్టం నిలబెట్టాం.
నూట పన్నెండు చీలలు.
మూడు విరిగాయి. ఒకటి నాది.

ఆగస్టులో, వారం రోజులు ఎండ కాసిన రాత్రి
ఆవిడ ఫోను:
కొట్టంలో తుపాకి పేలినట్టు చప్పుడట,
దూలం నిలువునా పగిలిందట,
సందులో వేలు పడుతోందట.

గ్విలిమ్ టీ కప్పు కింద పెట్టలేదు.
"ఏ వేలు?" అన్నాడు.

చిటికెన వేలు.

"అయితే ఇంకా ఎండాలి."