సంచిలో పెళ్లి

అక్టోబరులోనే సైమి ఒక కాగితం రాసిచ్చింది:
తెలుపు, ఉన్ని బూడిద, కొంచెం పైన్ ఆకుపచ్చ.
ఇంకే రంగూ వద్దు. నారింజ అసలే వద్దు.
ఆఖరి మాట కింద రెండు గీతలు.
ఇరవై రెండేళ్లుగా ఈ సరస్సు చుట్టుపక్కల
పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్నాను.
ఏ పెళ్లికూతుర్నీ ఆమె గీతలకి కారణం అడగలేదు.

ముహూర్తం పెట్టింది పాస్టరు కాదు, నేను.
నెలా పది రోజులు మొహం చాటేసిన సూర్యుడు
జనవరి పంతొమ్మిదిన
గుట్ట భుజం మీంచి పదకొండూ యాభైకి తొంగిచూసి
పన్నెండున్నరకి తప్పుకుంటాడు.
నిరుడు అదే తేదీన గట్టున నిలబడి లెక్క రాసుకున్నాను.
నలభై నిమిషాలు.
అందులోనే వధువు, వరుడు, రెండు వైపుల చుట్టాలు,
ఒక రెయిన్‌డీర్,
ఆ రెయిన్‌డీర్‌కి మనసు కుదరడం.

ముందు రోజంతా కురిసి, రాత్రి ఆకాశం తేటపడి
చలి బిగిసింది. సున్నాకి కింద ముప్పై నాలుగు.
బ్యాటరీలు నాలుగు, రెండు చంకల్లో రెండేసి,
పెట్ట గుడ్లు పొదిగినట్టు.
చచ్చిందనుకున్నది మళ్లీ చంకలో పెడితే
ఇంకో పది ఫొటోలకి లేచి కూర్చుంటుంది.
ట్రైపాడ్‌ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.
ఒకసారి ముట్టుకున్నాను, ఆ తోలు ఇంకా దానికే ఉందేమో.
ఊపిరి బిగబట్టాలి, వదిలితే అద్దం మీద పొర.
పైగా కెమెరాకి ఇంత తెలుపు నమ్మబుద్ధి కాదు,
మంచంతా బూడిద చేసి పెడుతుంది.
చక్రం తిప్పి నచ్చజెప్పాలి:
కాదు, ఇది నిజంగానే తెలుపు.

పదకొండూ యాభై రెండు.
ఓయివా ఆమె చేతుల్ని తన కోటు జేబుల్లో దాచాడు.
ఆమె ఊపిరే ఆమె రెప్పల మీద పేరుకుని
కన్ను మూస్తే తెరవడానికి కష్టంగా ఉంది.
సూర్యుడొచ్చాడు,
కాగితం చదవకుండానే.

అప్పుడే సరస్సు మలుపులో మోత.
మంచు తోసే బండి,
నారింజ ఒళ్లు, నెత్తిన తిరిగే దీపం.
చర్చి దారి పూడిపోయిందని తెల్లవారుజాము నాలుగు నుంచీ
తోసుకుంటూ వచ్చాడట ఆమె తండ్రి ఆర్మస్.
కాగితం సంగతి అతనికి తెలుసు.
ఆ మెరిసే జాకెట్‌తోనే
ఆమె బడి నాటకాలకి ఆలస్యంగా వచ్చి
వెనక తలుపు దగ్గరే నిలబడిపోయినవాడు.
బండి ఆపాడు. దిగలేదు.
ఫ్రేమ్‌లోంచి తప్పుకుందామని వెనక్కి తీయబోతే
తను తోసిన మంచుగోడే అడ్డం.
నేను ఎడమకి జరిగాను, చెట్టు చాటు చేద్దామని.
సైమి చెయ్యెత్తింది.
నన్ను ఆపడానికనుకున్నాను.
కాదు, అతన్ని రమ్మని.
చేతితొడుగు లేని చెయ్యి,
అంత చలిలో అంతసేపు.

పన్నెండూ ఇరవై ఎనిమిది. ఆఖరి బ్యాటరీ.
తెర గడ్డకట్టింది, ఏమీ చూపించదు.
ఎన్ని తీశానో, ఏవి పడ్డాయో.
"ఏడ్చానా అని ఎవరైనా అడిగితే
చలికి అని చెప్పు" అంది సైమి నా చెవిలో.

ఇంట్లో అడుగు పెట్టే ముందే
కెమెరాని సంచిలో పెట్టి గాలి చొరకుండా కట్టాలి.
లేకపోతే వెచ్చదనం ఒక్కసారి మీదపడి
లోపలి దాకా తడిసిపోతుంది.
రెండు గంటలు ముడి విప్పకూడదు.
ఇప్పుడది వసారాలో బూట్ల పక్కన,
సంచికి బయట చెమటలు పోస్తుంటే,
లోపల పొడిగా, మాట్లాడకుండా.
గదిలో అకార్డియన్.
నేను సాల్మన్ సూపు ముందు కూర్చున్నాను.
చెంచా పట్టుకోవడం వేళ్లకి ఇంకా గుర్తురాలేదు.

ఆర్మస్ వచ్చి పక్కన కూలబడ్డాడు.
జాకెట్ విప్పి, రంగు లోపలికి పోయేలా తిరగేసి మడిచి
ఒళ్లో పెట్టుకున్నాడు.
"పాడు చేశానా?"
సంచి వైపు చూపించాను.
"ఇంకా గంటా పది నిమిషాలు."

సరేనన్నాడు. సూపు వద్దన్నాడు.
పొయ్యి మీద పాలు పెట్టినవాడిలా
సంచి మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.