ఎర్త్ గుంత

గీజరు మూత విప్పితే
కాయిలు కనపడలేదు.
సున్నపు గూడొకటి కనపడింది,
చెదలు పుట్ట పెట్టినట్టు, తెల్లగా, గరుగ్గా.
స్క్రూడ్రైవరు మొనతో గీకితే
పెంకులు పెంకులుగా రాలి
అరచేతిలోకొచ్చింది చీమకుర్తి బోరు నీళ్ళ రుచి.

"రెండేళ్ళే గదన్నా అయింది" అన్నాడు మాలకొండయ్య,
అప్పుడే క్వారీ నుంచి వచ్చి,
కనురెప్పల మీద ఇంకా రాతిపొడితో.
రెండేళ్ళంటే ఎక్కువే.
ఏడొందల అడుగుల కింద
రాయిని కరిగించుకొని పైకొచ్చే నీళ్ళకి
ఎక్కడో ఒకచోట మళ్ళీ రాయి కావాలని ఉండదా?

పాత కాయిలు బక్కెట్లో వేస్తే ఖంగుమంది.
కొత్తది, రెండు వేల వాట్లది,
పొద్దున ఒంగోల్లో కొన్నది,
ఇంకా దానికి ఏ నీళ్ళ సంగతీ తెలియదు.
రబ్బరు గాస్కెట్టు అప్పడంలా విరిగింది, అదీ మార్చాను.
బోల్టులు ఎదురెదురుగా, ఒక్కో చుట్టు, ఓపిగ్గా.
ఒక పక్కే లాగితే ఇంకో పక్క ఏడుస్తుంది.

అసలు పని అది కాదు, మూడో వైరు.
ముందొచ్చినవాడెవడో పచ్చవైరును కత్తిరించి
టేపు చుట్టి గోడలోకి నెట్టేశాడు,
సాక్షి నోరు కట్టేసినట్టు.
"అది లేకపోయినా నీళ్ళు కాగతన్నాయి గదన్నా."
కాగుతాయి, అన్నాను.
కొండేపిలో ఒకరింట్లో
స్విచ్చు ఆపాక నేను చూసిన తడి తువ్వాలు గురించి
చెప్పలేదు.

గోడంతా క్వారీ పారేసిన గెలాక్సీ ముక్కలే.
నల్లరాయి, లోపల చుక్కలు.
డ్రిల్లు పెడితే బిట్టు ఎర్రబడి మొద్దుబారింది.
రెండోదీ పోయింది, మూడోదీ.
మాలకొండయ్య నవ్వాడు:
"రాయి మాట వినదన్నా.
రాయికీ రాయికీ నడుమ సిమెంటు ఉంటది చూడు,
అది వింటది."

దొడ్లో మూడడుగులు తవ్వాం.
గడ్డపార నిప్పులు రాల్చింది.
ఒక పొర బొగ్గు, ఒక పొర కల్లుప్పు,
నడుమ రాగి పలక.
రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యాలమ్మా,
ఎండిన నేల కరెంటును తీసుకోదు.
వెంగమ్మ నన్నొక చూపు చూసింది.
తాగే నీళ్ళు క్యాను లెక్క,
వాడే నీళ్ళు వారానికొక ట్యాంకరు,
ఇప్పుడు భూమికి కూడానా?

ఏమీ అనలేదు. ఇంటెనక్కి పోయి
పగిలిన పైపు ముక్క ఒకటి తెచ్చి
స్నానాలగది తూముకి తగిలించింది.
రెండో కొస గుంతలో పెట్టి
చేతులు దులుపుకుంది.
ఇరవై రెండేళ్ళ పనిలో
నాకెప్పుడూ తట్టలేదు ఇది.

ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి చూశాను.
మూలుగుతూ ఎర్రగా వెలిగింది.
లోపల మాలకొండయ్య స్నానానికి దిగాడు.
మొదటి చెంబు చప్పుడు,
ఆ తర్వాత ఒక పొడుగాటి "అబ్బా".
కాసేపటికి తూములోంచి
బూడిదరంగు నీళ్ళు నురగతో, వెచ్చగా
పైపు పట్టుకొని నడిచొచ్చి
గుంతలో ఇంకాయి.
బల్బు మెల్లగా తెల్లబడింది.

కాయిలుకీ గాస్కెట్టుకీ కూలికీ డబ్బులు తీసుకున్నాను.
బిట్లకు అడగలేదు.
ఆ గోడలో నేను దించలేకపోయిన
మూడు గుంటలున్నాయి.
రాతి చుక్కల మధ్య ఎవరికీ కనపడవు.
అటు పోయినప్పుడల్లా
నాకు మాత్రం కనపడతాయి.