ఊఁ కొట్టే డబ్బా

శనివారం పొద్దున పదింటికి
సోమాజిగూడలో మూడో అంతస్తు,
గోడలకు గుడ్డ కట్టిన గది.
నా పని నవ్వు మీట నొక్కడం.

ఆ నవ్వు ఎప్పుడో నాంపల్లి ఫంక్షన్ హాల్లో పట్టుకొచ్చింది.
అందులో ఒకావిడ అందరికన్నా క్షణం వెనకగా నవ్వుతుంది.
పదకొండేళ్ళుగా ప్రతి జోకూ
ఆవిడకి ఆలస్యంగానే అర్థమవుతోంది.

కార్యక్రమం పేరు బుర్రలో బల్బు.
జనం తాము కనిపెట్టినవి మోసుకొస్తారు,
సుధీంద్రా నఫీసా తీర్పు చెబుతారు.
నచ్చితే సైకిల్ బెల్లు.
నచ్చకపోతే, ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టవని స్కూటరు చప్పుడు.
ఆ స్కూటరు మా నాన్నది.
వాన వెలిసిన ఓ పొద్దున నేనే రికార్డు చేశాను,
ఆయన తిట్లు మాత్రం కత్తిరించాను.

ఆ వారం ముందు యాకుత్‌పురా జహీరుద్దీన్,
కొట్టినవాడి చెవిలోనే మోగే హారన్‌తో.
నఫీసా లేచి నిలబడి సలాం చేసింది.
"కానీ మియా, ఎవరు కొంటారు?
అందరూ పక్కవాడి బండికి పెట్టమంటారు."
బెల్లూ స్కూటరూ రెండూ వేశాను.

మూసాపేట హైమావతి గారి కుక్కరు
పక్కింటి విజిళ్ళు లెక్కలోంచి తీసేస్తుంది.
ఎలాగండీ అంటే,
"మనింటి విజిల్ మనకి తెలీదా!" అన్నారు.
నవ్వు.
తర్వాత, ఆవిడ నవ్వు.

ఆఖర్న కడారి ఐలేశం,
జలమండలిలో వాల్వులు తిప్పే మనిషి.
రాత్రి రెండింటికి చిలకలగూడకి నీళ్ళు వదిలి
మూడున్నరకి అది కట్టి వారాసిగూడకి తిప్పుతాడు.
నడుమ గంటన్నర మ్యాన్‌హోల్ మూత మీద కూచుంటాడు.
పాత మీటరు ఒళ్ళు, దోమల బ్యాటు గుండె,
చుట్టూ తెల్ల టేపు. టేబుల్ మీద పెట్టాడు.
"గిది ఊఁ కొడ్తది సార్.
మనం మాట్లాడి ఆపితే సాలు.
మూడు తీర్ల ఊఁలు పెట్టిన.
ఒకటి, ఇంటున్న అని.
ఒకటి, అట్లనా అని.
మూడోది ఊకెనే."

"దీని ఉపయోగం?" అన్నాడు సుధీంద్ర.
ఊఁ, అంది డబ్బా.
"నిన్ను కాదు, ఆయన్ని అడిగాను."
ఊఁ?
"నఫీసా, దీని నోరు మూయించు."
ఊఁ.
ఈసారి నేను మీట నొక్కనే లేదు,
అద్దం అవతల అందరూ నిజంగానే నవ్వుతున్నారు.

నఫీసా కళ్ళు తుడుచుకుని అడిగింది,
"ఇంతకీ ఆ గొంతెవరిది?"

ఐలేశం మెడ గోక్కున్నాడు.
"నా జతగానిది మేడం.
పటాన్‌చెరుకు బదిలీ జేసిండ్రు.
వాల్వుకు ఒక్కడు సాలంట గదా ఇప్పుడు.
ఫోన్ల మూడుసార్లు ఊఁ అనమన్న. అన్నడు.
ఎందుకని గూడ అడగలె."

రేడియోలో ఖాళీ అంటే పాపం.
రెండు సెకన్లు. మూడు.
వేలు మీట మీదే ఉంది,
ఏది నొక్కాలో వేలికి తెలీలేదు.
ఆ ఖాళీలోకి డబ్బా
మూడో ఊఁ అంది.

సుధీంద్ర గొంతు సవరించుకుని స్కూటరన్నాడు.
వేశాను. జీతం అందుకే.
ఐలేశం ఏమీ అనుకోలేదు,
డబ్బా సంకలో పెట్టుకుని లిఫ్టు ఎటని అడిగాడు.

మాది వారాసిగూడే.
సోమవారం తెల్లారగట్ల మూడున్నరకి
కుళాయి ముందు దగ్గింది, గాలి వదిలింది,
ఏదో చెప్పబోయి ఆగింది.
బకెట్టు జరిపి
ఊఁ అన్నాను,
కొంచెం ఆలస్యంగా.