ఇరవై మూడో అంశం

మంచు తోసే బండికి కొత్త చక్రాలు: ఆమోదం.
స్కూలు వంటింటి పైకప్పు: ఆమోదం.
ఇరవై మూడో అంశం, ఊరి ఆర్కెస్ట్రా.
పంతొమ్మిది మంది వాద్యకారులు, ఒక హాలు, ఒక పియానో,
ఏడాదికి ఇంత.
రాసుకున్నాను. నా పని రాసుకోవడమే.

నవంబరు. మూడున్నరకే చీకటి పడిన కోస్కివారాలో
కాగితం మిల్లు మూతపడ్డాక ఇది ఆరో శీతాకాలం.
పొగ మానేసిన ఆ గొట్టం
కిటికీలోంచి మా లెక్కలు చూస్తూ నిలబడింది.

వోయిట్టో హర్యులా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
చెడ్డవాడు కాదు. మిల్లులో ముప్పై ఏళ్ళు చేసి
ఎడమచేతి రెండు వేళ్ళు అక్కడే వదిలి వచ్చినవాడు.
"ఏడాదికి పదకొండు కచేరీలు. సగటున ఎనభై టికెట్లు.
ఈ డబ్బుతో వృద్ధాశ్రమానికి ఇద్దరు నర్సులొస్తారు.
ఇద్దరు.
ఎప్పుడో మూడొందల ఏళ్ళ కిందట పోయిన జర్మన్లు
మన ఊళ్ళో ఎవరికి మందుబిళ్ళ అందిస్తారు?"
"పాటతో పొయ్యి వెలగదు కదా" అని వెనక వరసలోంచి ఎవరో.

కొందరు నవ్వారు. నేను రాయలేదు.
చిట్టాలో నవ్వుకు గడి లేదు.

వాద్యకారుల తరఫున ఇర్మెలి లేచింది. ఆమెది వయోలా.
వయోలా అంటే
ఫిడేలుకు అక్క, చెల్లోకు చెల్లెలు,
ఇద్దరి మధ్యా నలుగుతూ ఇల్లు నడిపే మనిషి.
ఉన్నన్నాళ్ళూ ఎవరికీ వినబడదు.
చేతిలో నాలుగు పేజీలున్నాయి. చదవలేదు.
"మీరన్నది నిజమే, నర్సులు కావాలి" అంది.
ఇంకేదో అనబోయింది, గొంతు పెగల్లేదు,
కూర్చుంది.

అంతే. మా ఊళ్ళో సంగీతం తరఫు వాదన అంతే.

నా పెన్ను ఆగిపోయింది.
నాలుగో వార్డు. కిందటి మార్చి. అమ్మ మంచం.
గురువారం గురువారం తావెట్టి వచ్చేవాడు,
బూట్ల మంచు గుమ్మంలో దులిపి
చెల్లో పెట్టె నేలమీద పెట్టేవాడు.
"నాకేనా, కొలతలు తీసుకున్నావా?" అంది అమ్మ మొదటిరోజు.
ఆ పక్క మంచంలో ఉర్హో.
మెదడులో నరం చిట్లి ఏడు నెలలుగా
మాట లేదు, ఇల్లాలి పేరు లేదు.

ఆ రోజు తావెట్టి ఏదో నిదానమైన గత్తు వాయిస్తూ
ఒకచోట పిసరంత తప్పాడు.
కళ్ళు తెరవకుండానే ఉర్హో:
"అది కాదు. మళ్ళీ."

నర్సు చేతిలో ట్రే గాలిలోనే ఉండిపోయింది.
తావెట్టి మళ్ళీ వాయించాడు,
ఎక్కం మరిచిన బడిపిల్లాడిలా,
మళ్ళీ.

ఉర్హో ఇంకేం మాట్లాడలేదు. కోలుకోనూ లేదు.
ఏప్రిల్లో పోయాడు.
అద్భుతాలు చెప్పడానికి నేనెవర్ని?
కానీ ఆ మూడు మాటలూ అతని భార్య
కారిడార్లో కోటు గుండీలు పెట్టుకుంటూ
నాతో పదేపదే చెప్పించుకుంది.
ఎలా అన్నాడు, మెల్లగానా, విసుగ్గానా?
"విసుగ్గా" అన్నాను.
"అయితే ఆయనే" అంది.

ఇది ఏ పద్దు కింద రాయను?

ఓట్లు: పది, పది. ఒకరికి జలుబు, రాలేదు.
జనవరికి వాయిదా.
ఇరవై నాలుగు, చెత్తడబ్బాలు. హర్యులా మళ్ళీ మొదలెట్టాడు.

ఏడయింది. కింది హాల్లో రిహార్సలు.
వేడినీళ్ళ గొట్టాల గుండా ఓబో పట్టిన ఒక్క స్వరం
పైకి పాకి వచ్చింది.
దాని చుట్టూ తక్కిన తీగలన్నీ
ఒక్కొక్కటే వెతుక్కుంటూ చేరాయి.
మధ్యలో చిన్న ఖాళీ.
ఇర్మెలి ఇంకా మా గదిలోనే ఉంది, కోటు తొడుక్కుంటూ.

హర్యులా గొంతు పెంచాడు.
తర్వాత ఆపేశాడు,
రైలు దాటేదాకా మాట ఆపినట్టు,
మూడు వేళ్ళ చెయ్యి బల్లమీద బోర్లించి.

చెత్తడబ్బాలు: ఆమోదం, అని రాశాను.
పక్కన పెన్సిల్‌తో,
రేపు చెరిపేయడానికి వీలుగా:
పద్దెనిమిది సెకన్లు.